రెండువందల యాభై ఏడో చేప

హ్విదె సాండె రేవులో వేలం తెల్లారి ఆరింటికి.
నా ప్రోగ్రాం ఐదున్నరకే లేవాలి.

అందులో చేపలన్నిటినీ ఒక్క వరసలో నిలబెట్టాను,
పేర్లతోనే. అంకెలు కంపైలర్ గొడవ.
కాడ్‌కి ఐదు సైజులు, మళ్లీ పొట్ట తీసింది, తీయనిది;
హెర్రింగ్‌కి మూడు;
ఎవరూ కొనని సన్నపీతకీ ఒక చోటు.
సున్నా దగ్గర, ముందుజాగ్రత్తగా, ఖాళీ పెట్టె.
కొస రెండువందల యాభై అయిదు.
గంప నిండింది. నేను చూసుకోలేదు.

ఆ ఆగస్టులో నీళ్లు వెచ్చబడి
దక్షిణం నుంచి గులివిందలొచ్చాయి,
పెట్టెలకు పెట్టెలు, ఎర్రగా, గడ్డం కింద మీసాలతో.
వరస చివర ఒక్క పేరు చేర్చాను.
పరిధి దాటింది, అంది కంపైలర్.
ఒక్కటేగా, అన్నాను పైకే.
బైటులో పట్టేది అంతే.
తూకంరాయితో ఎవరైనా బేరమాడతారా?

"స్టర్జన్ తీసెయ్," అన్నాడు మేనేజరు ఎగోన్.
"ఇక్కడ ఎవడికి పడింది గనక."
తీసేశాను. తెర మీద ఒక్క తప్పూ లేదు.
కాఫీ కూడా తాగాను.

దాని వెనకున్నవన్నీ తలా ఒక అడుగు
ముందుకు జరిగాయని ఎవరూ చెప్పలేదు నాకు.
హద్దు దాటితే అరిచే మనిషే,
హద్దు లోపల ఎవరు ఎవరైపోయినా
పట్టించుకోడు.

సోమవారం ముసలి టోర్‌కిల్ వచ్చాడు,
పన్నుల ఆఫీసుకి పాత చీటీ నకలు కావాలని.
కాగితం చూసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూశాడు.
కాడ్, ఒకటో సైజు, అరవై ఒక్క కిలోలు.
"ఇది నా చేప కాదమ్మా."
చేతులు చాపాడు, ఎంత పొడుగో చూపించడానికి,
కుడిచెయ్యి గోడకి తగిలింది,
ఇంకా చాలలేదు.

ఆ రాత్రి స్టర్జన్‌ని దాని చోట నిలబెట్టాను.
మంచులో పడున్న గులివింద నా కేసే చూస్తోంది.
వరస కొసన చోటు లేదు. నడుమ ఎవర్నీ కదపడానికి లేదు.
పదకొండు దాటాక మొదటికి వెళ్లాను.
ఖాళీ పెట్టె చెరిపేసి
సున్నాలో దాన్ని కూర్చోబెట్టాను.
ఒక్క చేప కదల్లేదు.

ఇప్పుడు ఎవరైనా గడి నింపడం మరిచిపోతే
ప్రింటరు కరకరలాడి చీటీ కక్కుతుంది:
గులివింద, సున్నా కిలోలు.
వారం తిరక్కుండానే ఎగోన్ అడిగాడు,
రోజూ ఇంత తేలికైన చేపని
ఏ పడవ తెస్తోందని.