ఐదో వాయి

సోహార్‌లో కార్మికుల క్యాంపు వంటశాల.
తెల్లారగట్ల నాలుగింటికి మూడువందల గుడ్లు ఒలుస్తాను.
పెంకు గోటికింద దిగిందా,
ఆ రోజంతా చింతపండు పిసకలేను.

ఇదివరకు పెంకులు చెత్తకుండీలోకి పోయేవి,
మాడిన నూనె డబ్బాల్లో కంపుకొట్టేది.
ఇప్పుడు మంగళవారం మంగళవారం
సూడాన్ ఆవిడ, ఇఖ్లాస్ మేడం, వ్యానేసుకొచ్చి
రెండూ పట్టుకుపోతోంది.
"లోపలి పొర తీసి ఆరబెట్టు, సలోమీ."
నా అరబ్బీ వంటింటి మేరకే,
ఆవిడ తెలుగు "బాగుంది" వరకే.

ఓ శుక్రవారం తన రేకులషెడ్డుకి తీసుకెళ్లింది.
కొలిమి చూస్తే చిన్న పెట్టె.
తొమ్మిదివందల డిగ్రీలని వేళ్లమీద చెప్పింది.
లోపలికి మురికి పెంకులు,
బయటికి పాలపొడికన్నా తెల్లటి పిండి.

ఇది నాకు తెలుసు మేడం.
మా అమ్మమ్మ రూతమ్మ, అంతర్వేది పాయ ఒడ్డున
నత్తగుల్లలేరి బట్టీలో కాల్చేది.
ఊళ్లో గోడల తెలుపంతా ఆవిడదే,
అరచేతులు మాత్రం సున్నం తిని బీటలు.
మాట వినకపోతే "ఎముకలు సున్నం చేస్తా" అనేది.
చేపముళ్లు కూడా ఇందులోనే కాలుస్తామని మేడం అంటే
నవ్వాపుకోలేకపోయాను.
ఎందుకు నవ్వానో ఎలా చెప్పను?

నూనె, మిథనాల్, చెంచాడు సున్నం.
అరవై డిగ్రీల వేడిమీద గిరగిరా.
అడుగున బెల్లప్పాకంలాంటి జిగట,
పైన తేనెరంగు డీజిల్.
మా మిరపకాయబజ్జీ, కేరళోళ్ల అరటికాయ, బెంగాలీల చేప
ఏది ఏదో ఇక ఎవరూ విడదీయలేరు.

మరి సున్నమేదీ? సైగచేశాను.
వడగట్టిన గుడ్డ విప్పింది. అలాగే ఉంది.
పక్కవాటిని మారుస్తుందట, తను మారదట,
కడిగి, కాల్చి, మళ్లీ వేస్తారట.
ఎన్నిసార్లు?
అయిదు వేళ్లూ చూపి
చిటికెనవేలు సగం ముడిచింది.
ఐదో వాయికి పస తగ్గుతుంది.
కొద్దికొద్దిగా ఆ నూనెలోకే కరిగిపోతుంది, కంటికి తెలియకుండా.

నా వీసాకిది నాలుగో రెన్యువల్.
ఆ మాట ఏ భాషలోనూ అనలేదు.

బయట ఆగస్టు ఉక్క, గోడలకి చెమట.
తేమ తగిలితే పిండి చచ్చుబడుతుందని
సీసా నాకిచ్చింది.
మూత బిగించాను,
ఊరగాయ జాడీకి బిగించినట్టు, ఇంకో చుట్టు ఎక్కువే.

వ్యానులో తిరిగొస్తుంటే వెనక బజ్జీల వాసన.
ఆకలేసింది.
వచ్చే మంగళవారం అడగాలి,
పెంకులకి ఓ అరరియాలైనా ఇస్తారేమోనని.
అరబ్బీలో పెంకునేమంటారో ముందు కనుక్కోవాలి.