నడిమి గీత

రేపు రాత్రి ఆట. ఇవాళ అయొవాలో మంచు.
మూతపడబోయే కాఫీ హోటల్లో
ఆర్లిస్ బల్లమీద జట్లు దించాడు:
పంచదార పొట్లాలు వాళ్ళు, వెన్న డబ్బీలు మనం.
"వాళ్ళ పొడుగుపిల్ల ఆరడుగుల అయిదంగుళాలు, ఎవరాపుతారు?"
"మన టీగన్ మోకాలు ఇంకా వాచే ఉందట."
"మూడు పాయింట్లవి పడితే గట్టెక్కుతాం."
"పడకపోతే?"

వెర్లీన్ మాట్లాడలేదు.
ఆమె ఆడిన రోజుల్లో కోర్టుకి నడుమ గీత,
కాపు కాసే పిల్లలు దాటకూడదు.
నాలుగేళ్ళు బంతి లాక్కుని, గీతదాకా తెచ్చి,
అవతలి చేతికిచ్చేసింది.
బుట్టవైపు ఒక్కసారీ విసరలేదు.

బిల్లు వచ్చాక
ఉప్పుసీసాని ఒంటివేలితో తోసింది,
కెచప్ మరక దాటించి,
పొట్లాల సందులోంచి, బల్ల చివరంటా.

"అదెవరు?" అన్నాడు ఆర్లిస్.
"పన్నెండో నంబరు," అంది కోటు గుండీలు పెట్టుకుంటూ.
"నీ లిస్టులో లేదులే."