గురి

మొదటి చలికాలమంతా తూటా ఇవ్వలేదు.
ఉత్త రైఫిల్ చేతికిచ్చి,
"ఇంట్లోకి తేకు. వెచ్చదనానికి చెమట పడుతుంది.
ఆ చెమట బయట గడ్డకట్టి
సరిగ్గా నీకు అవసరమైనప్పుడు గొళ్ళెం వేసుకుంటుంది" అన్నాడు
ఉస్సాకాక్, మా అమ్మమ్మ తమ్ముడు.
సావిస్సివిక్‌లో ఆయన ఒక్కసారిగా అంత మాట్లాడటం
అదే వినడం.

అలా తుపాకీ గుమ్మం బయటి కొట్లో పడుకునేది,
నేను పొయ్యి పక్కన.
పొద్దున్నే లేచి వెళ్ళి దాన్ని పలకరించేదాన్ని.
పొద్దున్నంటే గడియారంలోనే.
నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా
మాకు పొద్దు ఉండదు.

ముందు నడక నేర్పాడు.
ఇనప మొన కర్రతో మంచు మీద మూడు పోట్లు.
మూడింటికీ దిగకపోతే నడువు.
రెండోదానికి దిగితే
నీ అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వెనక్కి రా.
"మొదటిదానికే దిగితే?"
"అప్పుడు అడగడానికి నువ్వుండవు."

ఫిబ్రవరిలో మేజోడు విప్పి అయిదు తూటాలు రాల్చాడు.
నలభై అడుగుల్లో కాఫీ డబ్బా.
నాలుగు తూటాలు మంచు తిన్నది.
అయిదోది డబ్బా చెవి కొరికింది.
ఆయన వెళ్ళి ఆ చిల్లులో చిటికెనవేలు పెట్టి చూసి
డబ్బాని ఇంకో ఇరవై అడుగులు వెనక్కి జరిపాడు.

మే నెల. సూర్యుడు కట్టేసిన కుక్కలా
మా చుట్టూ తిరుగుతున్నాడు.
అసలు కుక్కల్ని దూరంగా పడుకోబెట్టి,
గాలి మొహానికి కొట్టేలా చూసుకుని,
చిన్న బండికి కట్టిన తెల్లగుడ్డ తెర వెనక
ఇద్దరం బోర్లా పాకుతున్నాం.
దూరంగా మంచు మీద నల్లని సిరాచుక్క,
నిద్రపోతున్న సీలు.

సీలు నిద్ర దొంగనిద్ర.
కాసేపు కునుకు, తల ఎత్తి నలుదిక్కులా చూపు,
మళ్ళీ కునుకు.
అది పడుకుంటే కదలాలి, లేస్తే చచ్చినట్టుండాలి.
తెరలో కన్నం నా కంటికే ఉంది.
ఆయనకి గుడ్డ, నా బూట్లు తప్ప ఏమీ కనపడదు.
నా చీలమండ పట్టుకున్నాడు.
నొక్కితే ఆగాలి. వదిలితే పాకాలి.

అప్పుడు గమనించాను:
ఆయన నొక్కిన తర్వాత ఒక్క ఊపిరికి
సీలు తల ఎత్తుతోంది.
తర్వాత. ముందు కాదు.
యాభై ఏళ్ళుగా ఆ నిద్రని
ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నాడో!
డబ్బా మీద నా గురి కుదరడానికి నెల పట్టింది.
ఆయన మీద గురి కుదిరింది
ఆ మంచు మీద, రెండు నొక్కుళ్ళలో.

అయినా తప్పింది.
చెవి పక్కనుంచి పోయింది తూటా.
సీలు బిలంలోకి జారింది,
నీళ్ళు మూత వేసుకున్నాయి.
"కన్ను బాగానే ఉంది. నీకే తొందర"
అని కుక్కల వైపు నడిచాడు.

మరుసటేడు రాలేదు, మోకాళ్ళు.
కుక్కల దగ్గరే కూచుని పైపు వెలిగించుకున్నాడు.
తెర వెనక నేనొక్కదాన్నే.
చీలమండ చుట్టూ ఎవరి వేళ్ళూ లేవు.
ఎవరూ లేరని తెలిసీ
అక్కడ బిగిసినప్పుడల్లా ఆగాను.

తలలోకే తగిలింది. అది కదల్లేదు.
నేనూ చాలాసేపు కదల్లేదు.
తర్వాత నోట్లో మంచు వేసుకుని కరిగించి,
ఆయన చెప్పినట్టే,
ఆ నీళ్ళు దాని నోట్లోకి వదిలాను.
ఉప్పునీళ్ళలో బతికినదానికి దాహం ఉంటుందట.
దాని మీసాలు నా గడ్డానికి తగిలాయి,
ఇంకా తడిగా.

మొదటి వేట ఇంట్లో ఉంచుకోకూడదు.
కాలేయం ముసలి అర్నాక్కి,
పక్కటెముకలు నావ మునిగిన వాళ్ళింటికి,
తోలు అమ్మమ్మకి.
చివరికి నా చేతుల్లో మిగిలింది వాసన.
ఆ రాత్రి బిస్కెట్లు తిన్నాను.

ఉస్సాకాక్ మాత్రం ఏమీ అనలేదు.
సీలు తలలో చిల్లు మీద బొటనవేలు ఆనించి చూశాడు,
కాఫీ డబ్బాని చూసినట్టే.
స్టవ్ మీద కెటిల్ పెట్టాడు.
ఎప్పుడూ నా టీలో చక్కెర తనే కొలిచి వేసేవాడు.
ఆ రోజు డబ్బా నా వైపు తోశాడు.