తాడు పట్టినవాడు

మా గలీసియా తీరాన బండల్ని కరుచుకుని బతికే పెర్సెబెలు కోయడానికి
ఇద్దరిద్దరుగా వెళ్తారు.
నడుముకి తాడు కట్టుకుని ఒకడు అంచుకి దిగితే
పైన నిలబడ్డవాడు
అలని చూసి కేకెయ్యాలి.

ఆ నవంబరు పొద్దున ఎలాదియో దిగాడు.
ఓవీదియో కేకేశాడు.
కేక కంటే అల ముందొచ్చింది.

జుట్టు మళ్ళీ మొలిచి కుట్లని కప్పేశాక
ఊరంతా ఒకటే మాట:
"బాగున్నాడే! ఏమీ తేడా లేదే!"
రొట్టెల కొట్లో, చర్చి మెట్ల మీద, చేపల వేలం దగ్గర
తలూపి వచ్చేస్తాను.
చెంచా పళ్ళేనికి తగిలితే చాలు
పళ్ళెం గోడకి కొడతాడని,
మేం ముగ్గురం చెక్క చెంచాలతో తింటున్నామని
ఎవరికి చెప్పను?
మా ఉక్షీయా లెక్కలు బయట మెట్ల మీదే చేసుకుంటుంది.
పదకొండేళ్ళ పిల్ల,
తలుపు సందులోంచి నాన్న మొహం చూసి
లోపలికి రావాలో వద్దో తేల్చుకుంటుంది.

మొదట్లో కుండలకి కుండలు పులుసు వచ్చేది.
బార్‌లో పేకాట దగ్గర అతని ముక్కలు వాళ్ళే వేసి
వాళ్ళే ఓడిపోయేవారు.
ఓ సాయంత్రం, బెనీతో భార్య పక్కనే ఉండగా
బెనీతో చేసిన అప్పు సంగతి అనేశాడు.
నోటి దగ్గర కాపలా కాసేవాడెవడో
ఆ అలతోనే కొట్టుకుపోయాడు.
మర్నాటి నుంచి ఆ కుర్చీలో ఎవరిదో కోటు.

ఓవీదియో ఒక్కసారీ రాలేదు.
గురువారం గురువారం తెల్లారేసరికి
తలుపు గొళ్ళేనికి తడి గోనెసంచి,
లావుపాటి పెర్సెబెలు, ఏరినవి.
వండబుద్ధి కాలేదు. అమ్మేశాను.
ఆ డబ్బుతోనే అ కొరున్యా ఆసుపత్రికి
బస్సు టికెట్లు కొన్నాను, అదీ నిజమే.

రోజూ నిద్ర లేవగానే ఎలాదియో అడుగుతాడు:
"సాబేలా, ఆ రోజు తాడు ఎవరు పట్టుకున్నారు?"
"ఓవీదియో."
మొహం తేటపడుతుంది.
"అయితే భయం లేదు," అంటాడు,
ఒక కాలికే రెండు మేజోళ్ళూ తొడుక్కుంటూ.

ఒకసారి, కోపం పట్టలేక, ఇంకెవరి పేరో చెప్పాను.
సాయంత్రం దాకా మంచం దిగలేదు,
దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని.
మళ్ళీ అలా చెప్పలేదు.

ఈ గురువారం సంచి కంటే ముందే లేచాను.
చీకట్లో తలుపు వెనక నిలబడ్డాను.
గొళ్ళెం కదలగానే తీశాను.

ఓవీదియో చేతులు దాచుకోబోయాడు,
సంచి బరువుకి దాచలేకపోయాడు.
రెండు అరచేతులకీ అడ్డంగా
తాడు కోసుకుపోయిన తెల్లటి గాట్లు.
ఎముక దాకా వెళ్ళి ఉండాలి.

లోపల మంచం కిర్రుమంది.
"సాబేలా, ఆ రోజు తాడు ఎవరు పట్టుకున్నారు?"

నేను జవాబు చెప్పలేదు.
గుమ్మంలోంచి పక్కకి జరిగాను.