పెద్దగా రాయి, బస్సు ఆగదు

ఏప్రిల్ ఇరవై మూడు. ఒంటిపూట బడికి ఆఖరి పూట.
గేటు పక్క నల్లబోర్డు మీద
వార్తలు రాసుడు ఈ ఏడంతా నా పనే.
నా అక్షరం బాగుంటదని కాదు,
అందరికన్న ముందు బడిలుండేది నేనే గనక.
మా నాయన ఇక్కడ వాచ్‌మన్.
నీళ్ళ పంపు వెనక రేకుల గది మా ఇల్లు.

డబ్బాల మిగిలింది చిటికెన వేలంత చాక్‌పీసు.
వార్తలేమో బారెడు.
ఎనిమిది, తొమ్మిది అందరూ పాసు అని రాసిన.
నిరుడు గూడ ఇదే రాసిన, ఎవరూ ఆశ్చర్యపోలే.
వంట బాలమణి పెద్ద గంజు ఆటోలేసుకొని పోయింది,
పదిహేడు గుడ్లు మిగిలినయి, అని రాస్తుంటే
పెద్దసారు తుడిపిచ్చిండు.
'అది వార్త గాదు బిడ్డా, లెక్క.'

పదో తరగతి గదికి తాళం పడి చానా రోజులైంది.
కిటికీల కెల్లి చూస్తే
బల్లలు ఒకదాని మీదొకటి ఎక్కి
పైకప్పు దాక పోయినయి.
ఎవరూ లేనప్పుడు అవి గూడ అల్లరి చేస్తయేమో.

ఆఖరి పీరియడు సోషల్ సారు పాఠం చెప్పలే.
ఎండకాలం ఏం జేస్తరో చెప్పుండ్రి అన్నడు.
గోవర్ధన్ బాటసింగారం పండ్ల మార్కెట్ల
వరిగడ్డి పరిచి మామిడికాయలు సర్దుతడట,
సొన అంటితే పుండైతదని
పోయినేటి మచ్చ చూపించి మరీ చెప్పిండు.
ఎస్తేరు చర్చిల పది రోజులు బైబిల్ బడి,
తర్వాత వాళ్ళమ్మతోని నాలుగిండ్ల పని.
పది రోజులన్న మాటే గట్టిగ చెప్పింది.
'నలభై అయిదు డిగ్రీలుంటే మాకు పండగ సార్'
అన్నడు నిసార్, వాళ్ళ మామది ఏసీ రిపేరు షాపు.
క్లాసంతా కదిలింది నవ్వుతోని, ఫ్యాను తప్ప.
సుహాసిని సిరిసిల్ల పోతదట.
అక్కడేం జేస్తవంటే, 'పండుకుంట సార్.'
సారుకు ఆ జవాబే నచ్చినట్టుంది.

నా వంతొచ్చింది.
'నేను బడికే వస్త సార్' అన్న.
నవ్విండ్రు. నిజమే కద మరి,
అందరు సెలవులకు పోతరు,
నాకు సెలవులే ఇంటికొస్తయి.
రేపటి నుంచి జూన్ దాక తాళాల గుత్తి మాది.
సార్ల గదిల గోడకానిచ్చిన పాత పటంల
మన రాష్ట్రం ఇంకా విడిపోలే,
దాని నీడల మధ్యాహ్నం పిల్లి పండుకుంటది.
బల్లల మీద గీకిన పేర్లన్ని చదువుత.
ఎవరు ఉద్యోగం చేస్తున్నరో, ఎవరు పెండ్లి చేసుకున్నరో,
పేర్లు మాత్రం బడి మానలే.

బెల్లు ఇయ్యాల నేనే కొట్టిన.
రెండు దెబ్బలు ఎక్కువ పడ్డయి.

సబిహా చివరిదాక ఉన్నది.
చేతిల టీసీ, తడవకుండ ప్లాస్టిక్ కవర్ల.
వాన లేనే లేదు.
ముషీరాబాద్‌ల కిరాయి పెరిగింది,
వాళ్ళు షాహీన్‌నగర్ పోతుండ్రు.
ఈ సంగతి మూడు నెలల నుంచి నాకెరుకే,
బోర్డు మీద ఒక్కనాడు రాయలే.
ఏం మాట్లాడలే మేము. పంపు కాడ నీళ్ళు తాగినం.
ఆమె తాగినంక నేను, నేను తాగినంక మళ్ళ ఆమె.
గేటు దాటి వెనకకు తిరిగి అన్నది:
'అమ్మీని మంగళవారం మంగళవారం గాంధీకి తీస్కపోవాలె.
బస్సు ఇట్ల నుంచే. నువ్వు వార్తలు రాస్తనే ఉండు.
గని పెద్దగా రాయి, బస్సు ఆగదు.'

అందుకే ఇప్పుడు, నాయన గొలుసు పట్టుకొని పిలుస్తున్నా
రోడ్డవతల పాత ఇనుప సామాన్ల కొట్టు ముందు
నిలబడి చూస్తున్న.
'అందరూ పాసు' ఇక్కడికి కనవడ్త లేదు.
అవ్ మరి, ఏడాదంతా నేను
గేటు లోపలికొచ్చేటోళ్ళకే రాసిన.

తడిగుడ్డతోని మొత్తం తుడిచేసిన.
చాక్‌పీసు అడ్డంగ పట్టి
బోర్డంత ఎత్తున 'స' మొదలువెట్టిన,
తలకట్టు కాడికి రాకముందే అయిపోయింది.
పదో తరగతి గదిల ఇంకో డబ్బా ఉండాలె.
గుత్తిల దాని చెవి ఏదో నాకెరుకే.