కుర్చీల కుళ్లాయప్ప

మున్నేకొళాల సందులో, నీళ్ల ట్యాంకర్లు మలుపు తిరిగే చోట
నా షెడ్డు.
తలకిందులుగా ఏలాడే కుర్చీలను దూరం నుంచి చూసి
మాంసం అంగడి అనుకుంటారు కొత్తోళ్లు.
పాతోళ్లు కుర్చీల కుళ్లాయప్ప అంటారు.

కుర్చీని తిరగేస్తే చాలు
కూచున్న మనిషి తెలిసిపోతాడు నాకు.
కుడిపక్క ఫోము దిగబడితే
ఎనక జేబులో పర్సు, వంకర నడుము.
ముందంచు ఒక్కటే అరిగిందంటే
కొత్తగా చేరినోడు, ఇంకా భయం పోలేదు.
ఒకదాని చేతిపట్టీ మీద పంటిగాట్లు.
ఎవరివని అడగలేదు.
చక్రాలకు చుట్టుకున్న వెంట్రుకలు కత్తెరతో తీస్తా.
ఈ ఊళ్లో జుట్టు ఎంత రాలుతాందో
మంగలి కంటే నాకే ఎక్కువ ఎరుక.

మా జేజినాయన దూది ఏకినోడు.
కదిరి చుట్టుపక్కల పల్లెల్లో విల్లు భుజానేసుకొని
పరుపులు కుడతామని కేకేస్తా తిరిగినాడు.
తంతి టంయ్‌మంటే
బూరుగు దూది మబ్బు మాదిరి లేచేదంట.
పెళ్లికొకటి, కాన్పుకొకటి.
ఒకటే అడిగేవాడు, ఎంతమంది పండుకుంటారని.
ఆయన జనాల్ని పండబెట్టి బతికినాడు.
నేను కూచోబెట్టి బతుకుతాండా.

మొన్న బుధవారం, వాన ఎలిసినాక
బెళ్లందూరు నుంచి ఆటోలో ఒకమ్మి వచ్చింది,
పక్కన సాటి మనిషి మాదిరి కుర్చీ.
మౌక్తిక. తెలుగే, తణుకు దిక్కు యాస.
"కూర్చుంటే కిందకి దిగిపోతుందన్నా."
తిప్పి చూస్తే
తల ఆనించే చోట నూనె మరక, గుండ్రంగా, నల్లగా.
"దీంట్లోనే నిద్దరపోతావామ్మా?"
"నిద్ర కాదన్నా, మధ్యమధ్యలో కళ్లు మూస్తాను.
ఇంకొంచెం వెనక్కి వాలేట్టు చెయ్యగలవా?"
డాక్టరు నడుముకు బెల్టు, మెడకు పట్టీ ఇచ్చినాడంట.
చేతి గడియారం పొద్దున్నే నిద్దరకు మార్కులు ఏస్తాదంట.
నిన్న నూటికి ముప్పై ఒకటి.
ఫెయిలయిన పిల్ల మాదిరి నవ్వింది.

గంట పడతాది, కూచోమన్నా.
షెడ్డు నిండా కుర్చీలే,
కూచోనీకి పనికొచ్చేది ఒక్కటీ లేదు.
ఫోము తునకలు కుక్కిన గోనెసంచుల మీద ఒరిగింది.
నేను మర వదులు చేసి తలెత్తేలోపల
నీళ్లలో రాయి మాదిరి మునిగిపోయింది.

డ్రిల్లు ఆపేసినా.
మరలన్నీ చేత్తోనే తిప్పినా.
ఖాజా సుత్తెత్తితే వాని చెయ్యి పట్టుకున్నా.
ట్యాంకరుకు ఎదురుపోయి హారన్ కొట్టొద్దంటే
"యాకప్పా?" అన్నాడు డ్రైవరు. చూపించినా.
తొంగి చూసి, ఇంజనే ఆపేసినాడు.
ఆయమ్మి చేతిలో ఫోను వణికింది, ఆగింది, మళ్లీ వణికింది.
పద్నాలుగు మార్లు లెక్కపెట్టినా.
లేపల్ల అనుకున్నా.
లేపలేకపోయినా.
ఎవరి జీతం ఎట్లాంటిదో, నాకేం హక్కుంది?

లేచేటప్పటికి వీధి దీపాలు ఎలిగినాయి.
ఫోను చూసి ముఖం తెల్లబారింది.
"ఎందుకు లేపలేదన్నా!"
ఐదు నూర్ల నోటు చేతిలో పెట్టి
చిల్లర కూడా తీసుకోకుండా
గుంతల దావలో కుర్చీ లాక్కుంటా పోయింది.
చెంప మీద గోనెపట్టా గళ్లు అచ్చుపడినాయి.
చెప్పల్ల అనుకున్నా. చెప్పలేదు.

ఆ రాత్రి నేను మాత్రం పండుకున్నానా?
ఒంటిగంట దాకా బాసింపట్టు ఏసుకొని
ఎవరిదో ఆఫీసు ఆర్డరు కుట్టినా.
మోకాళ్లు పట్టుకున్నాయి.
పండుకుందామని ఒరిగి
ఎవరో చేపలు ఏపేది ఫోనులో రెండు దాకా చూసినా,
నేను చేపలు తినను కూడా.

గోడకు జేజినాయన విల్లు, తంతి సడలిపోయి.
దానికి ఛార్జరు వైరు తగిలించినాడు ఖాజా.
వైరు తీసి పక్కన పెట్టి
ఒకసారి మీటినా.
మోగలేదు.
దుమ్ము లేచి తుమ్మొచ్చింది, అంతే.