దిమ్మిస చేతులు

హెన్నూరులో ఈ ఇల్లు కట్టినప్పుడు
ఈ మూలన దిమ్మిస కొట్టింది నేనే.
నీళ్లు చల్లి, కొట్టి, మళ్లీ చల్లి,
మడమ ఆనిస్తే మోగేదాకా.
మేస్త్రీ మెచ్చుకుని ఆ పూట
నాకు రెండో కాఫీ చెప్పినాడు.

పదకొండేళ్లకు అదే ఇంటికి కాపలా వచ్చినాను.
కార్లు నిలిచి నిలిచి
ఆ మూల ఇంకా బిగుసుకుంది.
వాన పడితే నీళ్లు లోపలికి పోవు.
అప్పుకోసం వచ్చిన చుట్టంలా
అడగలేక, తిరిగిపోలేక
అక్కడే నిలబడి ఉంటాయి.

మేడమీది ప్రమీల మేడం
"ఇక్కడ చిక్కుడు పెడదాం గంగులప్పా" అని
స్క్రూడ్రైవర్ తెచ్చి గుచ్చింది.
గోరంత దిగలేదు.
ఆమె నన్నేమీ అనలేదు.
నేనే చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

మొదట అంతా తప్పే చేసినాను.
వాన వెలిసీ వెలవకముందే గడ్డపారతో దిగినాను.
పెళ్లలు లేచి, ఎండకు ఇటుకలైనాయి.
గుల్లబారుతుందని ఇసుక కలిపినాను, రెండు బాండ్లీలు.
నాకొచ్చిన చదువు కాంక్రీటు ఒక్కటే మరి.

ఆకుకూరల సిద్ధమ్మ గంప దించి నవ్వింది.
కన్నడం సగం, తెలుగు సగం:
"పిడికిట్లో పట్టి చూడు.
ముద్దయితే ఇంటికి పో. రాలితే రా."

రాలేదాకా తొమ్మిది రోజులు.
ఆ తర్వాత జానెడుకొక పోటు:
పలుగు దించి, కొంచెం వెనక్కి వంచి,
తిరగెయ్యకుండా తీసెయ్యడం.
ఆ సందుల్లోకి దర్శిని హోటలు కాఫీ పిప్పి,
చెరుకురసం బండి పిప్పి, కానుగాకు, పేడ.
నడవడానికి రెండు సెంట్రింగు పలకలు.
పలక దిగిన కొరియర్ పిల్లోణ్ని
కన్నకొడుకును తిట్టినట్టు తిట్టినాను.

అప్పుడు ముల్లంగి చల్లమంది సిద్ధమ్మ.
"పెరక్కూడదు. లోపలే కుళ్లిపోనీ."
తిండిని మట్టికి వదిలెయ్యడం
నాకెవరూ నేర్పలేదు.
ఉండబట్టక ఒకటి పెరికినాను.
మూరెడు దాకా నిటారుగా దిగి
అక్కడ ఠక్కున పక్కకు తిరిగింది.
మోచెయ్యిలా.
నా దెబ్బ అక్కడిదాకా పోయిందన్నమాట.
కడిగి, ఆ వంకర దాన్ని
సాంబారులో వేసుకోబుద్ధి కాలేదు.
మళ్లీ అదే బొక్కలో పెట్టి, ఆకు కప్పినాను.

నిన్న రాత్రి గట్టి వాన.
టార్చి పట్టుకుని పలక మీద గొంతుక్కూచున్నాను.
నీళ్లు కాసేపు తచ్చాడినాయి.
తర్వాత ఒక బుడగ. దాని పక్కనే ఇంకొకటి.
దూరాన, ఇంకా పలుగు పెట్టని వైపు,
కారు కింద మడుగు అట్లే మెరుస్తా ఉంది.

పొద్దున్నే మేస్త్రీ ఫోను.
"కొత్త సైటు, మిషను పట్టని సందు.
దిమ్మిస మనిషి కావాల. రోజుకు తొమ్మిదొందలు."
తొమ్మిదొందలు తక్కువేం కాదు.
రేపు చెప్తానన్నాను.
చెప్పులు చేత పట్టుకుని
పలకల మీదుగా గేటు దాకా వచ్చినాను.